చిగుళ్ల సంగతి కంచంలోనూ ఉంది

ఎడిటర్ గారికి,

మీ ఆరోగ్యం పేజీలో పళ్ల గురించి ఎప్పుడు రాసినా బ్రష్, పేస్ట్ దగ్గరే ఆగిపోతున్నారు. తిండి మాట రావడం లేదు.

నేను రిటైరైన బస్సు కండక్టర్ని. పోయినేడు మా ఆవిడ అమ్మాయి పురుడుకని వెళ్లి ఐదు నెలలు ఉండిపోయింది. నాకొచ్చిన వంట అన్నం వార్చడం ఒక్కటే. పొద్దున టీ, బిస్కెట్లు, రెండు పూటలా ఆవకాయ, మజ్జిగ. కూర, పండు ఊసే లేదు. నాలుగో నెలలో ఓ జామకాయ కొరికితే తెల్లటి గుజ్జు మీద ఎర్రటి చార! చిగుళ్లు ఉబ్బి, వేలు తగిలితే రక్తమే.

మొదట వెళ్లిన క్లినిక్‌లో గార తీసి, పుక్కిలించే మందు రాసిచ్చి పంపేశారు. ఏం తింటున్నావని ఎవరూ అడగలేదు. రెండో చోట డాక్టరమ్మ ముందు అడిగిందే అది. సి విటమిన్ తగ్గితే చిగుళ్లకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ సరిగా తయారవదట. షుగర్ అదుపు తప్పినా చిగుళ్ల జబ్బు ముదురుతుందని ఆ టెస్టూ చేయించింది. 'ఆవకాయలో మామిడికాయ ఉందిగా' అంటే నవ్వేసింది.

మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 100 గ్రాముల జామకాయలోనే 200 దాకా ఉంటుంది. నిమ్మరసం వంట పొయ్యి మీంచి దించాక పిండుకోవాలి, వేడికి విటమిన్ పోతుంది.

ఇప్పుడు రోజూ జామకాయ సన్నగా తరుక్కుని తింటున్నాను. గార మాత్రం పండుతో పోదు, క్లీనింగ్‌కి వెళ్లక తప్పడం లేదు.

- ఒక రిటైర్డ్ కండక్టర్, తెనాలి