దిగులుకు ఒక వేళ, ఒక కాగితం

సంపాదకులకు నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మనాది పెట్టుకున్న మనిషి ఆసుపత్రికొచ్చి ‘నాకు దిగులుగా ఉంది’ అనడు. గుండెల్లో బరువు, తల పట్టేసినట్టుంది, కాళ్లు లాగుతున్నాయి, అన్నం సయించడం లేదు అంటాడు. ఓ సెలైన్ ఎక్కించుకుని ఇంటికి పోతాడు. ఇంట్లోవాళ్లు ‘ఏం ఆలోచించబాక, ధైర్యంగా ఉండు’ అంటారు. ప్రేమతో అనే మాటే. కానీ ఆలోచించకూడదు అని బిగబట్టినకొద్దీ ఆ ఆలోచనే తోసుకొస్తుంది. మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్నవాళ్లుగా, ఆ మాటకు బదులు ఏం చెప్పాలో మీ పాఠకులకు వివరంగా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఆలోచనను ఆపొద్దు, వాయిదా వెయ్యండి. రోజూ ఒకే వేళ, సాయంత్రం 5:30 నుంచి 5:50 వరకు అనుకుందాం, దిగులుకు కేటాయించండి. పగలు ఎప్పుడు బెంగ లేచినా చీటీ మీద రెండు ముక్కలు రాసి జేబులో పెట్టుకోండి, ‘దీన్ని సాయంత్రం చూద్దాం’ అనుకుని చేతిలో పని కొనసాగించండి. సాయంత్రం నోటు పుస్తకంలో పేజీ మధ్యన నిలువుగా గీత గీయండి. ఎడమవైపు బెంగ, కుడివైపు దానికి రేపు చేయగలిగిన ఒక్క పని. ‘అప్పులు’ అని రాస్తే లాభం లేదు. ‘పొగాకు బేళ్లు వేలంలో ఎవరూ పాడక నోబిడ్ అయితే జూన్ వాయిదా ఎట్లా కట్టేది’ అని రాయండి. అప్పుడు కుడివైపు ‘రేపు 11 గంటలకు బ్యాంకుకు పోయి గడువు అడగాలి’ అని రాయడానికి వీలవుతుంది. నెల్లూరు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగినవాళ్లు చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె అని పేరు పెట్టి అడుగుతారు గదా, బెంగకూ అట్లా పేరు పెట్టాలి. వాన పడుతుందా, రొయ్య ధర లేస్తుందా లాంటివాటికి కుడివైపు రాయడానికి ఏమీ ఉండదు. వాటి చుట్టూ సున్నా చుట్టి వదిలేయండి. సున్నా చుట్టినవి మరునాడూ వస్తాయి, మళ్లీ చుట్టండి.

ఇది ఎక్కడ దెబ్బతింటుందో కూడా చెప్పాలి. కొందరు రాయకుండా మనసులోనే చేస్తారు, 20 నిమిషాలు రెండు గంటలవుతుంది. కొందరు పడుకోబోయే ముందు మంచం మీద కూర్చుని చేస్తారు, ఆ రాత్రి ఇక నిద్ర రాదు. మూడు రోజులు చేసి గుణం కనపడలేదని మానేసేవాళ్లే ఎక్కువ. కనీసం రెండు వారాలు చేసి చూడాలి.

రెండో సంగతి ఉత్సాహం గురించి. ‘మనసు బాగుపడినాక పనులు చేస్తాను’ అనుకుంటారు. దిగులులో ఆ వరుస తిరగబడుతుంది. పనులు తగ్గేకొద్దీ మనసుకు తృప్తి దొరికే సందర్భాలు తగ్గిపోతాయి, దాంతో దిగులు ఇంకా ముదురుతుంది. అందుకే పనే ముందు మొదలు కావాలి, ఉత్సాహం వెనక వస్తుంది. రోజుకు రెండు పనులు చాలు. ఒకటి పూర్తయిందన్న తృప్తినిచ్చేది, ఒకటి ఇష్టమైనది. చేసేముందు మనసు ఎట్లా ఉందో పదికి మార్కులేయండి, చేసినాక మళ్లీ వేయండి. రెండు కాస్తా మూడైనా మంచి మార్పే. పని చాలా చిన్నదిగా ఉండాలి. ఇల్లంతా సర్దుతాను అని మొదలుపెట్టి సగంలో కూలబడితే ‘నావల్ల ఏదీ కాదు’ అన్న మాటకు బలం చేకూర్చినట్టే. బీరువాలో ఒక అర సర్దండి. చెరువు కట్ట దాకా పది నిమిషాలు నడిచి రండి. అక్కకు ఫోన్ చేయండి.

నడక అంటే గుర్తొచ్చింది. వారానికి 150 నిమిషాలు చురుకైన నడక మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కానీ తెల్లవారుజామున లేచి క్యారేజీలు కట్టి, పొగాకు గ్రేడింగు పనికి పోయి, పొద్దుగూకినాక మళ్లీ పొయ్యి ముందు నిలబడే ఆడమనిషికి ‘అరగంట వాకింగ్ చెయ్యి’ అని చెప్పడం అన్యాయం. ఆమెకు ముందు కావాల్సింది ఇంట్లో ఒక పని తగ్గడం. సాయంత్రం అంట్లు ఇంకొకరు తోమితే, ఆ పావుగంట మిద్దె మీదనో, పక్కింటి అరుగు మీదనో గడపగలదు. ఆ పావుగంట కబుర్లను కాలక్షేపమని తీసిపారేయకండి, మందులాగే చూడండి.

గుండెదడ వచ్చినప్పుడు ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అంటారు. ఈ సలహా తరచూ బెడిసికొడుతుంది. గబగబా, లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మూతి చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి, కళ్లు తిరగడం మొదలై భయం రెట్టింపవుతుంది. పీల్చడం కాదు, వదలడం నెమ్మదించాలి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిదానంగా వదలండి. అయిదు నిమిషాలు. మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే రోజుకు రెండుసార్లు చేసి అలవాటు చేసుకోవాలి. ఈత నేర్వకుండా బావిలో పడినట్టు, దడ వచ్చినప్పుడే మొదటిసారి ప్రయత్నిస్తే ఊపిరి మాట వినదు. అయితే ఛాతీనొప్పి ఎడమ చేతికి, దవడకు పాకినా, చెమటలు పట్టినా అది ఆందోళనే అనుకుని కూర్చోవద్దు. ముందు 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోండి.

నిద్ర సంగతికొస్తే, పడుకునే వేళ కంటే లేచే వేళ ముఖ్యం. రాత్రి ఎంత సరిగా పట్టకపోయినా పొద్దున ఒకే వేళకు లేచి వెలుతురులోకి రావాలి. సుమారు 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, కునుకు వస్తేనే మళ్లీ ఒరగండి. టీ, కాఫీల్లోని కెఫీన్ సగం తగ్గడానికి అయిదారు గంటలు పడుతుంది. అయిదింటికి బంకు దగ్గర తాగిన టీలో సగం కెఫీన్ పదిన్నరకు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర కోసం క్వార్టర్ వేసేవాళ్లకు కునుకు తొందరగా పట్టినమాట నిజమే, కానీ రెండో ఝాము తర్వాత నిద్ర ముక్కలవుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు మాత్రం ఉన్నపళంగా మానొద్దు. వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు చూస్తుండగా మానాలి.

ఈ నియమాలు రొయ్యల రైతుకు పూర్తిగా కుదరవు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర ఎవరో ఒకరు మేలుకోవాల్సిందే. అక్కడ ఇద్దరు వంతులు వేసుకుని, ఒక్కొక్కరికి రోజూ అదే వేళలో కనీసం నాలుగైదు గంటల ఏకబిగి నిద్ర దక్కేలా చూసుకోవాలి, తక్కినది పగలు చీకటి గదిలో పూడ్చుకోవాలి. ఒక్కడే పంట కాలమంతా మేలుకుంటే, ధర పడిపోయిన రోజున తట్టుకునే శక్తి ఆ మనసుకు మిగలదు.

రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువసేపు దిగులు వీడకపోతే, ఇష్టమైన వాటిమీదా ఆసక్తి పోతే డాక్టరును కలవాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇట్లాగే కనిపిస్తాయి, అవీ చూపించుకోవాలి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. దిగులుకు ఇచ్చే మందుల గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే మానేసి ‘పనిచేయలేదు’ అంటే ఎట్లా? కాస్త బాగుందని సొంతంగా ఆపేయడమూ తప్పే.

‘నేను లేకపోతేనే మీకు నయం’ అనే మాట ఇంట్లో వినిపిస్తే దాటవేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. పురుగుమందులు ఇంట్లో నుంచి తీసేసి వేరొకరి దగ్గర తాళంలో ఉంచండి. మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు, 14416 నంబరుకు, పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బాధలో ఉన్నవాళ్లే కాదు, వాళ్ల కోసం ఇంట్లోవాళ్లూ చేయవచ్చు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆత్మహత్య వార్తల్లో ఏ మందు, ఎట్లా అన్న వివరాలు వద్దు. మనసు చెదిరి ఉన్న పాఠకుడికి అవి దారి చూపినట్టవుతాయి. జిల్లా పేజీలో రొయ్యల కౌంటు ధరలు, పొగాకు కిలో ధర, నిమ్మకాయల రేటు వేసే చోట రెండు వరుసల జాగా ఇచ్చి రోజూ ‘టెలి మానస్ 14416’ అని అచ్చువేయండి. ధర చూసుకుని గుండె జారినవాడి చూపు పడేది ఆ మూలనే.

ఇట్లు,
మానసిక ఆరోగ్య సలహాదారులు,
ఒంగోలు, నెల్లూరు