ఆదివారం 6కి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’

అందరికీ నమస్తే 🙏
బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్, ఎవరింట్లో వాళ్లం, సరిగ్గా 6కి ప్లే నొక్కుదాం. మొత్తం 43 నిమిషాలు. 7కి గ్రూప్ కాల్.

ప్లేయర్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర, ఇంకో పాట మొదలు కలిపేసేది) ఆపేయండి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చేయండి. పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి, అర సెకను ఖాళీ వచ్చినా అతుకు తెలిసిపోతుంది.

మొదట్లో గుండె చప్పుడు బాగా సన్నగా ఉంటుంది. వినపడట్లేదని సౌండ్ పెంచారో, ‘టైమ్’లో గడియారాలన్నీ ఒక్కసారే మోగి చెవులు అదిరిపోతాయి!

ఫోన్ స్పీకర్ వద్దే వద్దు. ‘ఆన్ ద రన్’లో అడుగుల చప్పుడు ఈ చెవి నుంచి ఆ చెవికి పరిగెత్తాలి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఎల్పీ ఉన్నవాళ్లు ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ అవగానే రికార్డు తిప్పాలి. మిగతావాళ్లు అక్కడ ఒక నిమిషం పాజ్. (మాటల్లేకుండా క్లేర్ టోరీ పాడిన ఆ పాటే ఆల్బమ్‌కి శిఖరం. కాదనేవాళ్లు 7కి తగువుకి రండి 😄)

‘మనీ’కి తాళం వేసి చూడండి. ఏడు బీట్లు, మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళం లెక్క. శాక్సఫోన్ దాకా అంతే. గిటార్ సోలోకి నాలుగైపోతుంది, చెయ్యి తప్పేది అక్కడే.

వచ్చేవాళ్లు శనివారం రాత్రి 9లోపు 👍 పెట్టండి. 5:55కి ఫోన్ సైలెంట్, మర్చిపోవద్దు.