వంటల పేజీలో ఒక్క వాక్యానికి చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే వంటల పేజీని నేను కత్తిరించి దాచుకుంటాను. ఫ్రిజ్ పక్కన మేకుకు ఒక అట్ట వేలాడుతుంటుంది, కత్తిరింపులన్నీ దానికే. కుదిరిన వంట మీద నేను టిక్కు పెడతాను, కుదరనిదాని మీద మా ఆయన ఇంటూ గీస్తారు. కాబట్టి ఇది తిట్టడానికి రాసిన ఉత్తరం కాదు. ఒక్క వాక్యం అడుగుదామని మొదలుపెట్టాను. అదెందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పక తప్పదు, కాస్త ఓపిక పట్టండి.

ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా కుక్క చుక్క. నల్లటి ఒళ్లు, నుదుటి మీద వేలితో అద్దినట్టు తెల్లమచ్చ, అందుకే ఆ పేరు. బరువు 12 కిలోలు. ఒక వాన రోజున మా మెట్ల కింద వణుకుతూ దొరికింది. రెండు నెలల పిల్ల అయి ఉంటుందని డాక్టరుగారు అన్నారు. పుట్టినరోజు ఎప్పుడో తెలియదు కనుక ఇంటికి వచ్చిన రోజునే పుట్టినరోజు చేస్తాం. కుక్క వయసును ఏడుతో గుణించాలని అందరూ అంటారు కదా, అది సరైన లెక్క కాదట. 2020లో లాబ్రడార్ల డీఎన్ఏ మీద చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. కుక్కలకు మొదటి ఏడాదే వయసు గబగబా పెరిగిపోతుందని, తర్వాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. ఆ సూత్రం ప్రకారం నాలుగేళ్ల కుక్క 53 ఏళ్ల మనిషితో సమానం. చుక్క లాబ్రడార్ కాదు గానీ, దానికి నాలుగేళ్లు వచ్చేసరికి మా ఆయనకు సరిగ్గా 53. ఆ ఏడాదంతా ఇద్దరినీ ఈడూ జోడూ అని ఏడిపించాను.

మా ఇంట్లో పెద్ద పండగలకన్నా చిన్న సంబరాలే ఎక్కువ. ఆయన పని త్వరగా ముగించుకుని వెలుతురు ఉండగానే ఇంటికి చేరితే ఒక సంబరం. నా మోకాలి నొప్పి తగ్గి పట్టుకోకుండా మెట్లెక్కిన రోజు ఇంకొకటి. చెడిపోయిన మిక్సీని ఆయనే విప్పి బాగుచేసిన రోజు కూడా చేసుకున్నాం. రెండు రోజులకే అది మళ్లీ మూలపడింది, అది వేరే సంగతి. సంబరం అంటే కొత్త బట్టలూ చుట్టాలూ ఏమీ ఉండవు. మామూలు రోజుల్లో ఎవరికి తీరికైతే వాళ్లే వండుతాం, ఆ రోజు మాత్రం ఇద్దరం కలిసి వంటగదిలో నిలబడతాం. అంతే.

చుక్కకు తారీఖులేం తెలుస్తాయి? అయినా ఇద్దరం ఒకేసారి వంటగదిలోకి వెళ్లామంటే ఇవాళ ఏదో ఉందని పసిగట్టేస్తుంది. వచ్చి గడప దగ్గర కూర్చుంటుంది. లోపలికి రాకూడదని చిన్నప్పుడే నేర్పాం, అందుకని వెనక కాళ్లు బయటే ఉంచుతుంది. ముందు కాళ్లు మాత్రం లోపలే ఉంటాయి. మిక్సీ తిరిగితే మంచం కిందకు దూరుతుంది. పీలరుతో క్యారెట్ చెక్కు తీసే చప్పుడు వినబడితే ఎంత నిద్రలో ఉన్నా లేచి వస్తుంది. ఇంకా ఆ చూపొకటి. కనుబొమ్మ లోపలి కొసను పైకి లాగే కండరం కుక్కలకు బాగా ఉంటుందనీ తోడేళ్లకు దాదాపు ఉండదనీ 2019లో శాస్త్రవేత్తలు రెండింటి ముఖ కండరాలూ కోసి చూసి మరీ రాశారు. మనుషుల మధ్య వేల ఏళ్లుగా మసలుతూ సంపాదించుకున్న కండరమన్నమాట. మా ఆయన దగ్గర పని జరగడానికి అదొక్కటీ చాలు.

“కుక్క తోడేలు జాతి, దానికి అన్నం పెట్టడమేమిటి?” అని మా బంధువొకాయన వచ్చినప్పుడల్లా అంటుంటారు. ఆయనకు ఇక్కడే జవాబు చెప్పేస్తాను. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తయారు కావడానికి ఒక జన్యువు ఉంటుంది. తోడేలుకు దాని ప్రతులు రెండే ఉంటే కుక్కలకు నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. మనిషి ఉడకేసుకున్నది తిని బతకడం దానికి కొత్తేం కాదు. ఇబ్బంది అన్నంతో కాదు, అందులో మనం కలిపేదానితోనే.

అది ఇంటికి వచ్చి నాలుగేళ్లయిన రోజు అలాంటి పనే మేమూ చేశాం. నా అట్ట మీద ఒక పాత కత్తిరింపు ఉండేది, చికెన్ సూప్‌ది. ఏ పత్రికలోదో నాకు గుర్తులేదు, పేరున్న ముక్క కత్తెరకు పోయింది. అందులో చివరి వాక్యం, “మిగిలిన సూప్‌ను అన్నంలో కలిపి పెంపుడు కుక్కకూ పెట్టవచ్చు.” సంబరం రోజున ముగ్గురం ఒకే గిన్నెలోది తినబోతున్నామని మాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మూడు ఉల్లిపాయలు, ఒక వెల్లుల్లి గడ్డ, చికెన్, మిరియాలు. ఉల్లిపాయ కుక్కకు మంచిది కాదని నేను ఎక్కడో విన్నాను గానీ అరగదు కాబోలు అనుకున్నాను.

“ఏవండీ, ఉల్లిపాయ ముక్కలు తీసేశారా?”

“తీసేశానోయ్. జల్లెడ పట్టాను, కావాలంటే చూసుకో, ఒక్కటి కూడా లేదు.”

నిజంగానే లేదు. చుక్క ఆ రాత్రి తింది, మర్నాడు రెండు పూటలా తింది, గిన్నె నాకి నాకి గోడ దాకా నెట్టుకుంటూ పోయింది. మేం చూసి మురిసిపోయాం, ఫొటోలు కూడా తీశాం.

నాలుగో రోజు పొద్దున నేను క్యారెట్ చెక్కు తీస్తున్నాను. రెండు క్యారెట్లు అయిపోయాయి. ఎందుకో తల తిప్పి చూస్తే గడప దగ్గర చుక్క లేదు. పిలిచాను, రాలేదు. ముందు గదిలో పక్కకు ఒరిగి పడుకుని ఉంది, డొక్కలు ఎగసిపడుతున్నాయి, తోక చివర మాత్రం ఒకసారి కదిపింది. పెదవి పైకెత్తి చూస్తే ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. పెరట్లోకి ఎత్తుకుపోతే అది పోసిన మూత్రం చిక్కటి టీ రంగులో ఉంది. మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకున్నారు.

డాక్టరుగారు చిగుళ్లు చూసి, రక్తం తీయించి, “ఇంట్లో వండినదేమైనా పెట్టారా? ఉల్లిపాయ ఉందా అందులో?” అని అడిగారు. మా ఆయన కాస్త ధైర్యంగానే, “ముక్కలన్నీ తీసేశానండీ” అన్నారు.

“ముక్కలు తీశారు సరే. సారం ఎక్కడికి పోయింది?”

జవాబు లేదు మా దగ్గర. ఉల్లిపాయలోనూ వెల్లుల్లిలోనూ ఉండే గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయని, అవి పెళుసుబారి పగిలిపోతాయని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. ఎండబెట్టి పొడి చేస్తే చిక్కబడి ఇంకా ప్రమాదమట. పిల్లులకైతే మరీను. తిన్న వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు, చాలాసార్లు కొన్ని రోజులు గడిచాకే బయటపడుతుంది, అప్పటికి ఏం తిన్నదో ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. ఒంటి బరువులో అర శాతం మించి ఉల్లిపాయ ఒకేసారి తింటే రక్తంలో తేడా కనబడుతుందని పశువైద్య పుస్తకాల్లో ఉంది. చుక్క విషయంలో అది 60 గ్రాములు, అంటే మామూలు సైజు ఉల్లిపాయ ఒకటి కూడా కాదు. కొద్దికొద్దిగా పూటపూటా పెట్టినా పేరుకుంటుందట. మేం మూడు ఉల్లిపాయల సారాన్ని మూడు పూటల పాటు ప్రేమగా కలిపి పెట్టాం.

దీనికి విరుగుడు మందు అంటూ లేదు. సెలైన్ ఎక్కించి, కొత్త కణాలు పుట్టేదాకా కాచుకోవడమే. మరీ పడిపోతే రక్తం ఎక్కించాల్సి ఉంటుందన్నారు గానీ అంతదాకా రాలేదు. ఐదు రోజులు తిరిగాం. ఆ ఐదు రోజుల టెన్షన్ ఇప్పుడు తవ్వుకోదలచుకోలేదు. పదో రోజున పీలరు చప్పుడుకు గడప దాకా వచ్చి కూర్చుంది. ఆ రోజు కూడా సంబరమే చేసుకున్నాం.

ఇంతకీ దానికి విడిగా వండటం కష్టమేమో అనుకునేదాన్ని. మా ఇంట్లో ఇప్పుడు జరిగేది చెబుతాను. మాకు కూర వండేటప్పుడు చికెన్‌నో గుడ్డునో ముందు ఉత్త నీళ్లలో ఉడికిస్తాం. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కారం ఏదీ పడకముందే ఒక గరిటెడు తీసి దాని స్టీలు గిన్నెలో వేసి మూత పెడతాం. ఎముకలు ఏరేస్తాం, ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఆ తర్వాతే మా వంట మొదలవుతుంది. ఇందుకు పట్టేది అర నిమిషం. కాకపోతే ఆ అర నిమిషం గుర్తుండాలి. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిపాయ తరగబోతూ ఎవరో ఒకరం “చుక్కది తీశామా?” అని పైకే అంటాం.

పుట్టినరోజు కేకు కూడా నేనే చేస్తాను. మెత్తగా ఉడికిన అన్నం, ఒక గుడ్డు, తురిమిన క్యారెట్, కొంచెం ఉడికించిన గుమ్మడి గుజ్జు కలిపి చిన్న గిన్నెలో ఆవిరికి పెట్టి, చల్లారాక పళ్లెంలో బోర్లిస్తే గిన్నె ఆకారంలో దిగుతుంది. చక్కెర, నూనె ఉండవు. కొవ్వుగా ఉన్నవి ఒక్కసారిగా పెడితే క్లోమం వాస్తుందని, పండగల మర్నాడు ఆసుపత్రికి వచ్చే కుక్కల్లో అలాంటివి కొన్ని ఉంటాయని డాక్టరుగారే చెప్పారు. కొవ్వొత్తి మొదటి ఏడాది పెట్టాం, మీసాలు రెండు కాలాయి, మళ్లీ పెట్టలేదు. ఇలాంటి అదనపు తిండి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు మించకూడదంటారు కాబట్టి కేకులో సగమే దానిది, మిగతా సగం ఉప్పు చల్లుకుని మేం తింటాం. రుచి గురించి అడగకండి. మా ఆయన దాని మీద ఇంటూ గీశారు, నేను చెరిపేశాను.

ఇంకొన్ని మా అట్ట మీదే ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకున్నాం. చాక్లెట్ అందులో మొదటిది. దానిలోని థియోబ్రొమిన్ కుక్క ఒంట్లోంచి సగం పోవడానికే 17 గంటలకు పైగా పడుతుంది, చాక్లెట్ ఎంత నలుపైతే అంత ముప్పు. ద్రాక్ష, కిస్మిస్ కొన్ని కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. కారణం టార్టారిక్ ఆమ్లమేమోనని 2021లో అమెరికాలోని జంతు విష నిపుణులు రాశారు. ఎక్కువమంది ఎరగనిది జైలిటాల్. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని పీనట్ బటర్‌లలో తీపి కోసం వేస్తారు. మనిషికి ఏమీ కాదు, కుక్కకు మాత్రం చాలాసార్లు గంటలోపే రక్తంలో చక్కెర పడిపోతుంది. డబ్బా మీద చిన్న అక్షరాలు చదివే అలవాటు మా ఆయనకు దీనివల్లే వచ్చింది, ఇప్పుడు మా ఇద్దరి సరుకుల మీదా చదువుతారు.

ఇది చదివి “అయితే కుక్కల వంటలని ఒక శీర్షిక పెడదాం” అనుకుంటారేమో, దయచేసి వద్దు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లోని పశువైద్యులు పుస్తకాల్లోంచీ ఇంటర్నెట్‌లోంచీ 200 ఇంటి వంటకాలు తీసుకుని పరీక్షిస్తే, 95 శాతం వాటిలో కుక్కకు తప్పనిసరిగా కావాల్సిన పోషకం ఒకటైనా తక్కువగా ఉంది. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. అన్నమూ చికెనూ కలిపి ఏళ్ల తరబడి పెడితే సరిపోదని మాకు తర్వాత అర్థమైంది. చుక్క రోజువారీ తిండి డాక్టరుగారు చెప్పినదే, మేం పెట్టే గరిటెడు దాని మీద అదనం.

నేను అడిగేదల్లా ఇది. ఉల్లిపాయో వెల్లుల్లో ఉన్న మాంసం వంటకం వేసినప్పుడు, ఉల్లిపాయ వేయమని రాసే చోటుకు ముందు, ఇలా ఒక్క ముక్క అచ్చు వేయండి: “ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే దాని వాటా ఇప్పుడే తీసి పక్కన పెట్టండి.” వంట చివర్లో వేస్తే లాభం లేదు, అప్పటికి సారం దిగిపోయి ఉంటుంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేసినా లాభం లేదు, అక్కడే నా కత్తెర పడుతుంది.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు మా ఆయనకు చదివి వినిపించాను. అంతా విని, “జల్లెడ పట్టానన్న మాట తీసేయవోయ్, పరువు పోతుంది” అన్నారు. తీసేయలేదు.

ఇట్లు,
మీ వంటల పేజీ పాఠకురాలు