వేలిముద్ర పడకపోతే కూలి కోస్తారా?

సంపాదకుడు గారికి,

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు ఒక్కసారి చూసినవాళ్లెవరూ వాళ్ల హాజరుకు వేలిముద్రల మిషను పెట్టరు. పిక్క తొక్కలోంచి కారే నూనె తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది, పొరలు పొరలుగా ఊడుతుంది. ఎంత బూడిద రాసుకున్నా కొన్నేళ్లకు వేళ్ల మీద గీతలు మిగలవు. మా వదిన పనిచేసే చోట ఆ మిషనే పెట్టారు. పొద్దున్నే గేటు దగ్గర బొటనవేలు చీరకు తుడిచి ఒకసారి, తడి చేసి ఒకసారి, చూపుడు వేలితో ఇంకోసారి. వెనక లైన్లో ఉన్నవాళ్ల కేకలు. చివరికి సూపర్‌వైజరు "లోపలికి పోమ్మా, నేను రాసుకుంటాలే" అంటాడు. సాయంత్రం దాకా పని చేయించుకుంటారు. నెలాఖరుకు చూస్తే రెండు మూడు రోజులు ఆబ్సెంటు! అడిగితే "సిస్టంలో లేదు, మేమేం చేస్తాం" అని జవాబు.

చట్టం అలా చెప్పలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం గైర్హాజరుకు కూలి కోయాలంటే, మనిషి ఎంతసేపు పనిలో లేదో అంతకే కోయాలి. 1936 నాటి పాత చట్టంలోనూ ఇదే మాట. మిషను గుర్తుపట్టకపోతే మనిషి రానట్టా? పైగా అన్యాయంగా కోశారని ఫిర్యాదు చేస్తే, ఇవ్వాల్సింది ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంది. ఈ సంగతి గేటు దగ్గర ఒక్కరికీ తెలియదు.

పోయేది ఆ రోజు కూలి ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉన్నచోట జబ్బు చేసి ఇంట్లో పడుకుంటే వేతనంలో 70 శాతం వస్తుంది. అందుకు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. సిస్టం మింగేసిన రోజులు అక్కడా దెబ్బకొడతాయి.

మిషన్లు ఎత్తేయమని అనడం లేదు. మేస్త్రీలు దొంగ హాజర్లు వేసుకున్న రోజులూ చూశాం. వేలిముద్ర పడనప్పుడు అక్కడికక్కడే పుస్తకంలో రాసి, కార్మికురాలి చేత సంతకం పెట్టించి, ఆ రాతనే లెక్కలోకి తీసుకోవాలని కార్మిక శాఖ ఉత్తర్వు ఇస్తే చాలు. రేపు ముఖం చూసే యాప్ వచ్చినా పుస్తకం మాత్రం ఉండాలి. వేతన చీటీ ఇవ్వడం ఎలాగూ యజమాని బాధ్యతే కాబట్టి, హాజరు రోజులు అందులో వేయించాలి.

కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ పేరు, చిరునామా, కోడ్‌లోని ముఖ్యాంశాలు పని చోట నోటీసు బోర్డులో పెట్టాలని కోడే చెబుతోంది. వాటిని ఆఫీసు గదిలో కాకుండా గేటు దగ్గర, ఆ మిషను పక్కనే, తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించేలా అధికారులు చూడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా