సంభావ్యత పాఠానికి పాచికలు, రెండు పీరియడ్లు ఇప్పించండి

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ మంత్రి గార్లకు,

నమస్కారం. పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం (గణాంకాలు), సంభావ్యత (ఒకటి జరిగే అవకాశం ఎంతో లెక్కించడం) చివరి అధ్యాయాలు. సిలబస్ అక్కడికి చేరేసరికి పబ్లిక్ పరీక్షల హడావుడి మొదలవుతుంది. సూత్రం బోర్డు మీద రాయడం, నాలుగు మాదిరి లెక్కలు చేయించడం, అంతటితో సరి. తేలిగ్గా మార్కులొచ్చే అధ్యాయాలని వీటికి పేరు కూడా పడింది. పాచిక వేయకుండా, టేపు పట్టకుండా నేర్చుకున్న ఈ పాఠాలు పరీక్ష హాలు దాటి పిల్లల వెంట రావు. అందుకే ఈ రెంటికీ ప్రయోగాన్ని తప్పనిసరి చేయమని కోరుతున్నాం.

పాఠ్యపుస్తకంలోనే చక్కని ప్రశ్న ఒకటుంది. రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 దాకా 11 రకాలు కాబట్టి ఒక్కోదాని సంభావ్యత 1/11 అని ఒక విద్యార్థి వాదిస్తే ఒప్పుకుంటారా అని. "ఒప్పుకోం, అవి సమసంభవాలు కావు" అని, అంటే వాటికి సమాన అవకాశం లేదని, పిల్లలు గైడులోని వాక్యం దించేస్తారు. ఎందుకు కావని అడిగితే చాలామంది ఆగిపోతారు. (2, 5), (5, 2) రెండూ ఒకటే కదా అన్న సందేహం లోపల అలాగే ఉంటుంది. ఒక పాచిక ఎర్రది, ఒకటి తెల్లది ఇస్తే ఆ రెండూ వేర్వేరని కళ్లకు కనిపిస్తుంది. 36 గళ్ల పట్టికలో 7 ఆరుచోట్ల, 2 ఒక్కచోటే ఎందుకున్నాయో ఆ తర్వాత వాళ్లే చెబుతారు.

40 మంది ఉన్న సెక్షన్‌కు 20 ఎర్ర, 20 తెల్ల పాచికలు చాలు. జంటలో ఒకరు వేస్తారు, ఒకరు గణన చిహ్నాలు గీస్తారు. జంటకు 36 సార్ల చొప్పున మొత్తం 720. అందులో 7 దాదాపు 120 సార్లు రావాలి. 100కూ 140కీ మధ్య ఎక్కడున్నా వింతేమీ లేదు. 2, 12 చెరో 20కి అటూ ఇటూ వస్తాయి. 1/11 నిజమైతే అన్నీ 65 దగ్గర ఉండాలి. బోర్డు మీద 11 కమ్మీలు గీస్తే ఆ వాదన అక్కడితో తేలిపోతుంది.

ఇది చెడేది రెండు చోట్ల. పాచిక బెంచీ కిందికి దొర్లితే "ఇది లెక్కలోకి రాదు" అని మళ్లీ వేస్తారు. నచ్చని అంకె పడ్డప్పుడే అలా వదిలేస్తే లెక్క ఒక పక్కకు ఒరిగిపోతుంది. అట్టపెట్టె మూతలో వేయిస్తే ఆ బెడద ఉండదు. రెండోది ఇంకా పెద్దది. 7 ఆరుసార్లు రావాలని ముందే చెప్పేస్తే, మూడే వచ్చిన జంట భయపడి ఆరని దిద్దేసుకుంటుంది. ఒక జంటకు 3, ఇంకో జంటకు 10 రావడం మామూలే. 20 జంటలవి కూడినప్పుడే అసలు రూపు తేలుతుంది, నేర్పవలసింది కూడా అదే. కాబట్టి రావలసిన విలువ చివర్లోనే చెప్పాలని ఉపాధ్యాయుల కరదీపికలో స్పష్టంగా రాయించండి.

నాణేలతోనూ ఇదే చిక్కు. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ అంతటివాడు 1754లో, నాణెం రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని రాశాడు. సరైనది 3/4. మన పిల్లలు అక్కడే తడబడితే మందలించకుండా నాణెం చేతికివ్వాలి.

పేకముక్కల లెక్కల గురించి ఒక్క మాట. పేక ముఖమే చూడని ఇళ్ల పిల్లలు చాలామంది. 52 ముక్కల్లో బొమ్మ ముక్కలు (రాజు, రాణి, జాకీ) 12 అని తెలియక ఏస్‌లను కూడా కలిపి 16/52 రాసిన అమ్మాయికి రానిది పేక, సంభావ్యత కాదు. ఆ వివరం ప్రశ్నలోనే ఇవ్వాలి.

సాంఖ్యక శాస్త్రానికి వస్తే, 40 మంది ఎత్తులు సెంటీమీటర్లలో 130–134, 135–139, 140–144, 145–149, 150–154. పౌనఃపున్యాలు, అంటే ఒక్కో తరగతిలోకి వచ్చినవారి సంఖ్యలు, 4, 7, 12, 10, 7 అనుకోండి. మధ్యగతం, అంటే ఎత్తుల వరుసలో నడిమి విలువ, 139.5 + (9/12) × 5 = 143.25. పిల్లలు దిగువ హద్దు 140గా, తరగతి పొడవు 4గా తీసుకుని 143 రాస్తారు. ఆ అర సెంటీమీటరు ఎక్కడిదో వాళ్లకు తెలియదు. 139.6 ఉన్నవాణ్ని తామే కొలిచి 140 అని రాసుకున్న పిల్లలకు తెలుస్తుంది. కొలిచేటప్పుడు చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తలమీద అట్ట అడ్డంగా పెట్టాలి. దర్జీ టేపు 150 దగ్గర ఆగిపోతుంది గనుక గోడ మీద 100 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అంటించి, చదివినదానికి 100 కలపాలి.

సగటుకూ మధ్యగతానికీ తేడా కూడా ఇలాంటి సొంత అంకెలతోనే పట్టుబడుతుంది. నెలకు 12, 13, 14, 15, 96 వేలు వచ్చే ఐదిళ్లలో సగటు 30 వేలు, మధ్యగతం 14 వేలు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని చట్టంతో నిషేధించాయి. ఆ చట్టానికి తోడుగా ఈ ఒక్క లెక్క ప్రతి పిల్లవాడికీ చేరాలి: ఒక పాచిక వేసే ఆటకు 10 రూపాయలు కట్టాలి, 6 పడితే మొత్తం 50 చేతికొస్తాయి. ఆరుసార్లు ఆడి 60 రూపాయలు కట్టినవాడికి సగటున తిరిగొచ్చేది 50. ఐదుసార్లు ఓడాం కాబట్టి ఈసారి తప్పక గెలుస్తామనడానికి ఆధారం లేదు, పాచికకు జ్ఞాపకం ఉండదు.

ఇందుకు కావలసింది పెద్ద నిధులు కాదు. సెక్షన్‌కు 40 పాచికలు, రెండు టేపులు, సిలబస్ ప్రణాళికలో అధ్యాయానికి రెండు ప్రయోగ పీరియడ్లు. పబ్లిక్ పరీక్షలో సూత్రంలో ప్రతిక్షేపించే ప్రశ్న ఒకటి తగ్గించి, "600 సార్లు వేస్తే 6 అంకె 150 సార్లు పడింది, ఈ పాచికను నమ్మవచ్చా?" లాంటిది చేర్చి, కారణానికే మార్కులు వేయించండి. ప్రాజెక్టులకు నెట్ నుంచి దించిన చార్టులు కాకుండా, పిల్లలు చేత్తో రాసుకున్న ముడి దత్తాంశం కాగితం అడగండి. జూన్ 29 జాతీయ గణాంక దినోత్సవం బడులు తెరిచిన కొద్దిరోజులకే వస్తుంది. ఆ రోజు ప్రసంగాలకు బదులు ఎత్తులు కొలిపించి భద్రపరిస్తే, అధ్యాయం వచ్చేనాటికి ప్రతి సెక్షన్‌కూ సొంత పట్టిక సిద్ధంగా ఉంటుంది.

ఇట్లు,
ఉన్నత పాఠశాలల గణిత ఉపాధ్యాయులు