సీరియల్ నటికి నాలుగు లైన్లేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో సినిమా పేజీ నేను వదలకుండా చదువుతాను. సినిమా నటుడెవరైనా పోతే ఆయన మొదటి వేషం దగ్గర్నుంచి రాస్తారు, అది బాగుంటుంది. కానీ ఏళ్ల తరబడి రోజూ మన ఇంట్లో మనిషిలా కనబడిన సీరియల్ నటి పోతే మాత్రం 'బుల్లితెర నటి కన్నుమూత' అని ఓ మూలన నాలుగు లైన్లు వేసి ఊరుకుంటారు. ఆవిడ ఏం చేసింది, ఎలా చేసింది అన్నది ఒక్క ముక్క ఉండదు. చాలా రోజులుగా మనసులో ఉన్న బాధ ఇది, అందుకే రాస్తున్నాను.

హెలెన్ వాగ్నర్ అనే అమెరికన్ నటి గురించి చెప్తాను. 1956 ఏప్రిల్ 2న అక్కడి టీవీ ఛానల్ సీబీఎస్‌లో 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' అనే సీరియల్ మొదలైంది. అప్పటిదాకా పగటి సీరియల్ అంటే పదిహేను నిమిషాలే, ఇది అరగంట. అందులో మొట్టమొదటి మాట 'గుడ్ మార్నింగ్, డియర్', అది ఆవిడే చెప్పింది. నాన్సీ హ్యూస్ అనే తల్లి పాత్ర. అప్పుడు ఆవిడ వయసు 37. మధ్యలో కొన్ని విరామాలు వచ్చినా 2010 మే 1న, 91 ఏళ్ల వయసులో చనిపోయేదాకా నాన్సీ ఆవిడే. ఒకే పాత్రతో కలిసి ముసలిదవడం అన్నమాట, మేకప్‌తో కాదు, నిజంగానే. సినిమాలో ఎంత గొప్ప నటికైనా ఆ అవకాశం దొరుకుతుందా?

పైగా ఆ సీరియల్ 1975 దాకా లైవ్‌గానే వచ్చేది. డైలాగ్ మర్చిపోతే మర్చిపోయినట్టే, రీటేక్ లేదు. 1963 నవంబర్ 22న నాన్సీ వాళ్ల మామగారితో మాట్లాడుతోంది, కొడుకు బాబ్ తన మాజీ భార్యని థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి పిలిచాడని చెబుతోంది. సరిగ్గా ఆ డైలాగ్ మధ్యలో ప్రసారం ఆపి, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ మీద కాల్పులు జరిగాయని వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ గొంతు వినిపించారు. స్టూడియోలో ఉన్న ఆవిడకి ఆ సంగతి తెలియదు, పాపం తన సీన్ తను చేసుకుంటూ పోయింది. నేను ఆ క్లిప్ ఎన్నిసార్లు చూశానో! వంటింటి కబురంత మామూలు మాటని అంత సహజంగా చెప్పడం తేలిక అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రోజూ వచ్చే సీరియల్‌లో పని ఎంత కష్టమో బయటివాళ్లకి అర్థం కాదు. ఒక్క రోజులో పదుల పేజీల డైలాగులు నోటికి రావాలి, రిహార్సల్‌కి టైమ్ ఉండదు, రేపటి స్క్రిప్టులో తన పాత్ర బతికుంటుందో లేదో కూడా నటులకి తెలియదు. అమెరికాలో అయితే ఏళ్ల కాంట్రాక్ట్ రాసుకున్నా 13 వారాలకో 26 వారాలకో ఓసారి నటుణ్ణి తీసేసే హక్కు నిర్మాతల చేతిలో ఉండేది. ఆ టెన్షన్‌లోనే ఇల్లు గడుపుకోవాలి, పిల్లల్ని చదివించుకోవాలి. ఇక విలన్ వేషాలు వేసేవాళ్లని జనం బయట కూడా తిట్టడం ఎక్కడైనా ఉన్నదే.

సూసన్ లూచీ అని ఇంకో అమెరికన్ నటి, 1970 నుంచి 'ఆల్ మై చిల్డ్రన్' అనే సీరియల్లో ఎరికా కేన్‌ పాత్ర వేసింది. పగటి సీరియల్స్‌కి ఇచ్చే ఎమ్మీ అవార్డుకి 18 సార్లు నామినేట్ అయి 18 సార్లూ ఉత్త చేతులతో వెళ్లింది, 19వ సారి, 1999లో గెలిచింది. జీన్ కూపర్ అనే మరో అమెరికన్ సీరియల్ నటి సంగతి ఇంకా ఆశ్చర్యం. 1984లో తను నిజంగా చేయించుకున్న ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్‌నే సీరియల్‌లో తన పాత్రకి జరిగినట్టు చూపించడానికి ఒప్పుకుంది. తమ ముఖాన్ని, వయసుని కూడా పాత్రకి ఇచ్చేసినవాళ్లు వీళ్లు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది ఒక్కటే. సీరియల్ నటుల మీద నెలకి ఒక్కసారైనా పూర్తి పేజీ ఇవ్వండి. వాళ్ల పెళ్లిళ్లు, విడాకుల గురించి కాదు, పని గురించి. అన్ని పేజీలు ఎలా గుర్తు పెట్టుకుంటారు, పదేళ్లు వేసిన పాత్ర ఒక్క రోజులో ఆగిపోతే మర్నాడు పొద్దున ఏం చేస్తారు, ఇవి అడగండి. వాళ్లు పోయాక కాదు, ఉన్నప్పుడే అడగండి.

హెలెన్ వాగ్నర్ పోయిన నాలుగున్నర నెలలకి, 2010 సెప్టెంబర్ 17న 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' కూడా ఆగిపోయింది. చివరి మాట నాన్సీ కొడుకు బాబ్‌గా 50 ఏళ్లు నటించిన డాన్ హేస్టింగ్స్ చెప్పాడు, 'గుడ్ నైట్' అని.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు