విర్సుంగ్ రాగి రేకు

అందరికీ నమస్కారం. నిన్న ప్యాంక్రియాస్ (క్లోమం) గురించి మాట్లాడుకున్నాం కదా, దాని రసాన్ని పేగులోకి చేర్చే నాళానికి ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి గురించి నాలుగు మాటలు.

యోహాన్ గెయార్గ్ విర్సుంగ్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1589లో పుట్టాడు. 1642 మార్చిలో ఇటలీలోని పాడువాలో, ఉరితీసిన ఒక ఖైదీ శవాన్ని కోస్తుంటే క్లోమం పొడవునా సాగే గొట్టం కనబడింది. అది ధమనా, లేక సిరనా? అందులో నెత్తురు ఎప్పుడూ కనిపించలేదు. మడ్డిగా ఉన్న ద్రవం మాత్రం వెండి సలాకకు మరక పట్టించింది. తేల్చుకోలేక బొమ్మను రాగి రేకు మీద చెక్కించి, అచ్చులు తీయించి, పారిస్‌లోని శరీర నిర్మాణ శాస్త్రవేత్త రియోలాన్ లాంటి పెద్దలకు పంపి ఇదేమిటో చెప్పమన్నాడు. కనిపెట్టినవాడే అలా అడగడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

సంగతి తేలకముందే, 1643 ఆగస్టులో, ఇంటి దగ్గరే ఆయన్ని కాల్చి చంపేశారు. ఆ రేకు ఇప్పటికీ పాడువాలో ఉంది.